హుసేనప్పకు ఆకు

పెద్దల అమావాస్యలోపల కావలసినవి: జేజి, అంటే నాయనమ్మ, తండ్రి ఏ పటాలంలో ఉన్నాడో కనుక్కోవడం. సైనికుల కార్యాలయానికి ఇంకోసారి కర్నూలు పోవడం. యుద్ధంలో పోయినవాళ్ల జాబితా మొదటినుంచి మళ్లీ చూడటం. ఆకు వేయవచ్చునా అని నాయనను అడగడం.

ఆ చివరిదానికే యామినికి కాలు నిలవడం లేదు. బనగానపల్లె పక్క ఊళ్లోని ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. కాగితం పనంటే ఆమెదే. జేజి సిద్దమ్మ చంటిపిల్లగా ఉండగా తండ్రి హుసేనప్ప రెండో ప్రపంచ యుద్ధానికి పోయాడు. మనిషీ రాలేదు, చచ్చినట్టు కబురూ రాలేదు. అందుకే చనిపోయిన పెద్దలకు విస్తరి వేసి వడ్డించే ఆ అమావాస్యనాడు ఆయనకు ఇంతవరకూ ఆకు పడలేదు. బతికున్నాడేమోనన్న మనిషికి ఆకు వేస్తే చంపుకున్నట్టే. ఊరివాళ్లు మాత్రం బర్మాలో ఇంకో సంసారం పెట్టుకున్నాడులే అని నవ్వేవాళ్లు.

ఈ ఏడు సిద్దమ్మకు ఆయాసం ముదిరింది. తను పోయేలోపల నాయనకు ఆకు పడాలని పట్టుబట్టింది. కొడుకు, యామిని నాయన రామకృష్ణ వినలేదు. "రుజువు తేమ్మా, ఏస్తా," అని యామిని మీదికి తోసేశాడు.

బస్సులో నిలబడీ, ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండానూ ఆమె ఫోన్‌లో అవే పేర్లు వెతికింది. బర్మా సరిహద్దున ఇంఫాల్ వైపు చనిపోయిన హిందూ సైనికులను దహనం చేశారట, ముస్లింలను పూడ్చిపెట్టారట. ఆ హిందువుల పేర్లన్నీ చదివింది. లేడు. పటాలం నంబరు లేకుంటే కష్టమని కర్నూలులో చెప్పారు.

అమావాస్య ముందురోజు, ఆమె పాఠం చెప్పే బడిలో, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు, దస్తగిరి అనే పిల్లవాణ్ని ముస్లింల వరుసలో రాసుకున్నాడు. పిల్లలు గొల్లున నవ్వారు. వాడు హిందువే సార్, పీర్లకు మొక్కితే పుట్టాడు, అందుకా పేరు అని చెప్పబోయి యామిని మధ్యలోనే ఆగిపోయింది. హుసేనప్పా అట్లా పుట్టినవాడే. పటాలంలో రాసుకున్నవాడికి ఆ సంగతెట్లా తెలుస్తుంది?

వరండాలోకి పోయి ఇంఫాల్‌లోని ముస్లిం సైనికుల సమాధుల జాబితా తెరిచింది. సిపాయి హుసేన్. తండ్రి కంబన్న. భార్య పుల్లమ్మ. బనగానపల్లె. పుల్లమ్మంటే సిద్దమ్మ తల్లి. చనిపోయేదాకా బొట్టు తీయక ఎదురుచూసిన మనిషి. యామిని ఆ వివరాలు కాగితం మీద రాసుకుంది.

ఇంట్లో చదివి వినిపిస్తే రామకృష్ణ నసిగాడు. సాయిబుల పద్ధతిలో మట్టి చేసినారు కదా, మన ఆకు ఆయనకు అందుతుందా అన్నాడు.

సిద్దమ్మ కండ్లు తుడుచుకోలేదు. "పీర్లిచ్చిన బిడ్డను పీర్లే తీసుకున్నారు. దాంట్లో నీకేం తక్కువైందిరా? ఆడ మసీదులో ఆయన పేరుమీద ఫాతిహా సదివిచ్చు, ఈడ ఇంట్లో ఆకెయ్యి."

మరునాడు ఆకు పడింది. యామినికి మాత్రం ఇంకా కుదురు లేదు. అంత దూరాన ఆ సమాధి రాయి దగ్గర నిలబడేవాళ్లెవరు? ఇది చదివినవాళ్లు ఎప్పుడైనా ఇంఫాల్ పోతే ఒక్క క్షణం అక్కడ ఆగండి. పోలేకున్నా, మీ పెద్దలకు వడ్డించేనాడు కంబన్న కొడుకు, సిద్దమ్మ నాయన హుసేనప్పను కూడా ఒకసారి తలచుకోండి.