ఏడో నంబరు చెయ్యి

ఆ తోలు గ్లౌజుల కార్ఖానాలో టేపు ఉండేది గానీ, దాని మాట ఎవరూ వినేవారు కారు. కొలత అంటే చెయ్యే. చెయ్యంటే యజమానురాలి తమ్ముడి పెళ్లాం చెయ్యి. పద్దెనిమిదేళ్లుగా ఆమె కిటికీ పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని, ఏడో నంబరు మచ్చు గ్లౌజు తొడుక్కుని, వేళ్లు ముడిచి, విప్పి, "ఊఁ" అంటే తప్ప కత్తెర తోలును ముట్టేది కాదు. అందుకే ఆమె పేరు ఏడు అయింది. "ఏడూ!" అని యజమానురాలు కేకేస్తే పిలిచిందో ఏడవమందో తెలిసేది కాదు. రెంటికీ ఆమె సిద్ధమే. ఇంట్లో ఆమెది నిలబడే ఉద్యోగం. కూర్చునే చోటంటూ ఉంటే ఆ కుర్చీ ఒక్కటే.

నలభై ఆరో ఏట ముట్లు ఆగి ఒంట్లో సెగలు పుట్టాయి. డాక్టరమ్మ హార్మోను మాత్రలు రాసింది. సెగలు చల్లారాయి. ఆర్నెల్లకు వేళ్లు ఉబ్బాయి. చన్నీళ్లు తగిలితే చాలు, తెల్లబడి, నీలబడి, భగ్గుమనేవి. కుర్చీ పోతుందని ఆమె నోరు మెదపలేదు.

ఉబ్బిన చేతికి మచ్చు బిగిసింది. "చెయ్యి తప్పదు, తోలే తప్పింది," అంటూ కత్తిరింపు మేస్త్రీ అయిన ఆమె మొగుడు వెడల్పుగా కోశాడు. రెండు వేల జతలు. అన్నీ తిరుగుటపాలో వచ్చేశాయి. ఎవరైనా చెయ్యూపితే గ్లౌజు ఎదుటివాడి మొహాన పడుతోందట.

యజమానురాలు మొదటిసారి టేపు తీసి మరదలి చెయ్యి కొలిచింది.

"ఏమే, ఏడు ఎనిమిదెప్పుడైందే?"

"ఒళ్లు బాగోలేదు వదినా."

"బాగోకపోతే పడుకుంటారు. పెరుగుతారా?"

పెద్దాసుపత్రి డాక్టరు ఆమె ముంజేతి చర్మం గిల్లి చూశాడు. వేళ్ల మధ్యకు రాలేదు. "చర్మం గట్టిపడే జబ్బమ్మా. ఒంటికి కాపలా కాయాల్సిన సైన్యమే ఒంటిమీద పడుతోంది."

"ఆ మాత్రల వల్లేనాండీ?"

"ఈ జబ్బు ఆడవాళ్లకే ఎక్కువ. అందుకే హార్మోన్ల చెయ్యి ఉందని అనుమానం. ఏ మేరకన్నది ఇంకా తేలలేదు. మీకు మాత్రల వల్లే వచ్చిందని మాత్రం చెప్పలేను. మందులు వాడండి. చలీ, తడీ తగలనివ్వకండి."

డాక్టరు చెప్పలేనన్నది, ఇంటికొచ్చేసరికి 'లేను' రాలిపోయి, చెప్పాడన్నట్టే అయింది.

"మాత్రలు మింగి చెయ్యి చెడగొట్టుకుంది! ముట్లుడిగాక పడుచుదనం కావాల్సొచ్చింది!" అంది యజమానురాలు.

"మా ఆవిడది మొదట్నుంచీ గట్టి చెయ్యేలే," అన్నాడు మొగుడు. కార్ఖానా అంతా నవ్వింది. ఎత్తు కుర్చీలో టేపును కూర్చోబెట్టారు.

ఏడాది తిరిగేసరికి వాపు దిగింది. చర్మం ఎముకకు అతుక్కుంది. వేళ్లు కాస్త వంగి అక్కడే ఆగిపోయాయి. మొహం చర్మం కూడా బిగిసి నోరు చిన్నదై, చెంచా కూడా చిన్నది కావాల్సి వచ్చింది. ఆమె కార్ఖానాకొచ్చి ఆడపడుచు ముందు నిలబడింది.

"ఏదైనా పనివ్వు వదినా. నిలబడలేకపోతున్నా."

యజమానురాలు ఆమె చేతికి టేపు చుట్టింది. కళ్లు వెలిగాయి. "ఒరే తమ్ముడూ, సరిగ్గా ఏడు! ఇక మారదు కదే?"

"మారకపోవచ్చన్నారు."

"వంగదు కదా?"

"వంగదు."

నొప్పా అని మాత్రం అడగలేదు. కుట్టిన గ్లౌజును తడిపి చెక్కచేతికి తొడిగి ఆరబెడితేనే దానికి రూపు వస్తుంది. ఏడో నంబరు చెక్కచెయ్యి చీలి నెల దాటింది.

"చెక్కకైతే చెదలు. నీకా భయం లేదు. ఎక్కు!"

టేపు లేచింది, ఆమె కూర్చుంది. మొగుడు తొట్టిలోంచి నీళ్లోడే గ్లౌజు తీసి ఆమె చేతికి లాగి తొడిగాడు. లోపల వేళ్లు తెల్లబడి ఉంటాయి, నీలబడి ఉంటాయి. తోలు కప్పేసింది, ఎవరికి కనబడతాయి?

"అబ్బా!"

"కదలకే, ముడతలు పడతాయి!" అని అరిచింది యజమానురాలు.

"గ్లౌజుకా అక్కా, దీనికా?"

"గ్లౌజుకేరా! దీనికింక ముడతలెక్కడివి!"

అందరూ పడీపడీ నవ్వారు. కుర్చీ దక్కినందుకు తనూ నవ్వాలని ఆమె చూసింది. పెదాలు సాగలేదు.

"రెండో చెయ్యి చాపు," అన్నాడు మొగుడు.