ట్రైనింగ్ పిల్లలు

పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా రిటైరయ్యాక సంతోషమ్మకు మళ్ళీ ఆ మందుల వాసన మధ్యకు వెళ్ళాలని లేదు. మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా ఒంటరి ఇంట్లో పొద్దుపోక, కర్నూలు పక్కనే కల్లూరులో డాక్టర్ తేజేశ్వర్ పెట్టిన నర్సింగ్ హోమ్‌లో పగటి డ్యూటీకి ఒప్పుకుంది. అది 2006 ఎండాకాలం.

అక్కడ ముగ్గురు ‘ట్రైనింగ్ పిల్లలు’ ఉండేవాళ్ళు. తెల్లకోట్లు వేసుకుని నేల తుడిచేదీ, రోగుల మలమూత్రాలు ఎత్తేదీ, సెలైన్ బాటిళ్ళు మార్చేదీ వాళ్ళే. నేర్చుకునే రోజుల్లో ఎక్కడైనా ఇంతేలే అనుకుంది సంతోషమ్మ.

ఒకరోజు వాళ్ళలో చిన్నదైన మహిమ ఎడమచేతిని చున్నీ కింద దాచుకుని వచ్చింది. తీసి చూస్తే మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు.

“ఎట్లా కాలిందే?” అడిగింది సంతోషమ్మ, మందు రాస్తూ.

“సార్ వాళ్ళింట్లో గంజి వారుస్తాంటే పడిందమ్మా.”

“నువ్వు ఈడ ట్రైనింగ్‌కు కదా వచ్చింది? సార్ వాళ్ళింట్లో అన్నం వండేదేంది?”

మహిమ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “పొద్దున్నే వాళ్ళింట్లో వంట, బట్టలు. తర్వాత ఈడ వార్డు. క్లాసులు ఒక్కనాడు గూడా చెప్పలేదమ్మా.”

“మరి ఇంటికి పోరాదా?”

“వచ్చినప్పటినుంచీ పంపలేదు. రాత్రి మేం పండుకునేకి మేడమీదికి పోయినాక మెట్ల కాడ గేటుకు బీగం ఏస్తారు. మా నాయన ఫోన్ చేస్తే డ్యూటీలో ఉండాదని పెట్టేస్తారంట.”

ఆ పిల్లది కమలాపురం దగ్గర పల్లె. తండ్రి దావీదురాజు కూలి పనులు చేస్తాడు. బొజ్జన్న అనే ఏజెంటు వాళ్ళ ఊరికి వచ్చి, మూడేళ్ళలో నర్సును చేసి పంపుతామని చెప్పి తీసుకొచ్చాడు.

సంతోషమ్మ నేరుగా డాక్టర్ గదిలోకి వెళ్ళింది. తేజేశ్వర్ ఆమె చెప్పింది ఓపిగ్గానే విన్నాడు.

“ఊర్లో ఉంటే ఎండలో కలుపు తీస్తుండేవాళ్ళు సిస్టర్. ఇక్కడ ఫ్యాన్ కింద ఉన్నారు, వేళకు తింటున్నారు. వాళ్ళకేం తక్కువ?”

“ఏమీ తక్కువ లేకపోతే బీగం ఎందుకు సార్?”

“ఆడపిల్లలు. వాళ్ళ మంచికే.” ఇక మాట్లాడేది లేదన్నట్టు అతను బెల్లు నొక్కి తరువాతి రోగిని పిలిచాడు.

ఆ ఆదివారం సంతోషమ్మ చర్చికి వెళ్ళలేదు. కడప బస్సెక్కింది. వడగాలికి ముఖం మాడిపోతుంటే, ఈ వయసులో నాకెందుకీ తిరుగుడు అని దారి పొడవునా అనుకుంటూనే ఉంది. కడపలో బస్సు మారి, కమలాపురంలో ఆటో ఎక్కి పల్లెకు చేరేసరికి కాళ్ళు వాచిపోయాయి. దావీదురాజు ఆమెకు వందనాలు చెప్పి, మంచం వాల్చి, అంతా విన్నాడు.

“నా బిడ్డ నర్సయితాందని ఊరంతా చెప్పుకున్నాను గదమ్మా,” అన్నాడు.

మర్నాడు ఇద్దరూ నర్సింగ్ హోమ్‌కు వచ్చారు. మూడేళ్ళు నిండకుండా పంపేది లేదని, వెళ్తే చేరేటప్పుడు తీసిపెట్టుకున్న పదో తరగతి సర్టిఫికెట్ ఇవ్వనని తేజేశ్వర్ అన్నాడు. దావీదురాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూతురి చేతికట్టు వైపే చూస్తున్నాడు.

“పోదాం రామ్మా.”

“ఊర్లో ఏమని చెప్తావు నాయనా?” మహిమ తలెత్తలేదు.

“ఊరికి నేను చెప్పుకుంటాలే. నువ్వు రా.”

రోగుల బంధువులంతా చుట్టూ చేరి చూస్తుంటే తేజేశ్వర్ అడ్డు రాలేకపోయాడు. మహిమ బయటికి నడిచింది. మిగతా ఇద్దరు పిల్లలు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. వాళ్ళ చూపుకు తాళలేక సంతోషమ్మ తల తిప్పుకుంది. ఆ పూటే ఆమెను ఇక రావద్దన్నారు.

అప్పటినుంచి ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ పిల్లలు ఉద్యోగులు కారు కాబట్టి మాకు సంబంధం లేదని కార్మిక శాఖలో, గుర్తింపున్న ట్రైనింగ్ కాదు కాబట్టి మాది కాదని వైద్య శాఖలో, తల్లిదండ్రులు ఫిర్యాదు ఇవ్వాలని పోలీసు స్టేషన్‌లో చెప్పారు. బెంచీల మీద కూర్చుని కూర్చుని ఆమెకు విసుగొచ్చింది. దావీదురాజు కూలి మానుకుని వచ్చి ఫిర్యాదు ఇచ్చాక, మహిళా శిశు సంక్షేమ శాఖలో శ్రీవిద్య అనే అధికారిణి కదిలింది. తనిఖీకి వెళ్ళి బీగం తీయించింది. ఇద్దరు పిల్లలనూ ఇళ్ళకు పంపింది. మహిమ సర్టిఫికెట్ కూడా వచ్చింది. తేజేశ్వర్ మీద కేసు పెట్టారు గానీ నర్సింగ్ హోమ్ ఒక్కరోజు కూడా మూతపడలేదు.

వానలు మొదలయ్యాక దావీదురాజు ఫోన్ చేశాడు. “బొజ్జన్న పక్కూర్లో తిరుగుతాండాడమ్మా. ఈసారి ఇంకో ఆసుపత్రి పేరు చెప్తాండాడు.”

సంతోషమ్మ ఫోన్ పెట్టేసింది. లేచి సంచి సర్దుకుంది.

పక్కూరి చర్చిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడింది. మహిమ చెయ్యి చాపి మచ్చ చూపించి, తనకు జరిగింది తనే చెప్పింది. బొజ్జన్నతో కూతురిని పంపడానికి బట్టలు కూడా కుట్టించిన గిడ్డమ్మకు కోపం వచ్చింది.

“అయితే నా బిడ్డ గూడా నా మాదిరే చేన్లో మాడాల్నా?”

సంతోషమ్మ నొప్పెడుతున్న మోకాలిని రుద్దుకుంది.

“వద్దు, చదవనీ. ఆ ఆసుపత్రి యాడుండాదో చెప్పు. ముందు నేను పోతా. ఆడుండే పిల్లలను పక్కకు పిలిచి మాట్లాడతా. ఇంటికి పంపుతాండారో లేదో, క్లాసులు చెప్తాండారో లేదో చూసొచ్చి చెప్తా. అంతదాకా ఆగుతావా?”

గిడ్డమ్మ కూతురి వైపు, మహిమ వైపు చూసింది.

“నువ్వు చూసొస్తానంటే ఆగుతాలేమ్మా,” అంది.

ఆ ఆసుపత్రి ప్రొద్దుటూరు అవతల ఎక్కడో ఉందట. బస్సు ఎన్ని గంటలకో కనుక్కోవడానికి దావీదురాజు రోడ్డు మీదికి వెళ్ళాడు. సంతోషమ్మ చర్చి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.