ఆఖరి భాగం మీద అభిప్రాయాలు

కట్టంగూర్ బడి పంతులమ్మ స్వర్ణ రాసిన సస్పెన్స్ నవల మీద ఏదో ఒకటి అననివాళ్లు ఆ ఊరి చర్చి సంఘంలో దాదాపు లేరు. చదవనివాళ్లయితే ఇంకో రెండు మాటలు ఎక్కువే అనేవాళ్లు. నెలనెలా చర్చి పత్రికలో వచ్చే ఆ కథను శుక్రవారం గృహకూడికలో ఒకరు చదివితే తక్కినవాళ్లు వినేవాళ్లు. "హత్య కాడ మస్తుంటది టీచర్, గంతలనే ప్రార్థన మొదలువెడ్తవ్, మజా పోతాంది" అని కాలేజీ పిల్లలు. "దేవుని పత్రికల గీ నెత్తురేంది? రాత్రి నిద్ర వట్టలే" అని ఎస్తేరమ్మ. అన్నది గానీ, తర్వాతి భాగం ఎప్పుడొస్తుందని అందరికంటే ముందు అడిగేదీ ఆమే!

స్వర్ణకు లోలోపల ఒక గుబులుండేది. కథలో క్వారీ గుంతలో తేలిన అమ్మాయి నిజానికి బిక్షమ్మ కూతురు రూప. రూపను మొగుడు విజేందర్ జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి బావిలో తోయడం గట్టు మీది నుంచి కళ్లారా చూసింది బిక్షమ్మ ఒక్కతే. స్వర్ణ పేర్లు మార్చింది, బావిని గుంత చేసింది. ఆఖరి భాగంలో ఏం రాయాలో మాత్రం తోచలేదు. మారుమనస్సు ఉండాల్సిందేనని పత్రికవాళ్లు పట్టుబట్టారు. సరే, హంతకుడు ఏడ్చాడు, తల్లి క్షమించింది, ఆమె కడుపులో మంట చల్లారింది అని రాసి పంపి చేతులు దులుపుకుంది.

ఆ భాగం సంఘపెద్ద బెంజమిన్‌కు మహా నచ్చింది. ఎందుకు నచ్చదు? విజేందర్ ఆయన మేనల్లుడే మరి! బెయిలు మీద వచ్చి ఆదివారాలు వెనక వరుసలో తలవంచుకుని కూర్చుంటున్నాడు. వచ్చే సోమవారం నల్లగొండ కోర్టులో బిక్షమ్మ సాక్ష్యం. దానికి ముందురోజు ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఎవరి మీదైనా కోపం పెట్టుకున్నవాళ్లు ఆ సంఘంలో బల్ల ముట్టరు. రొట్టె పళ్లెం వస్తే తీసుకోకుండా పక్కవాళ్లకు అందిస్తారు. కూతురు పోయినప్పటి నుంచి బిక్షమ్మ అలా అందిస్తూనే ఉంది.

ఆ శుక్రవారం కూడికను బిక్షమ్మ ఇంట్లోనే పెట్టించాడు బెంజమిన్. ఆఖరి భాగం తానే చదివాడు, గొంతు వణికించి మరీ.

"ఇన్నవా చెల్లె? గా తల్లి మాఫ్ చేసింది. నువ్వెందుకు చెయ్యవు? బిడ్డ కాలు జారి బావిల పడ్డదని కోర్టుల చెప్పు, సాలు. ఆదివారం బల్ల తీస్కో" అన్నాడు.

స్వర్ణకు కోపం ఆగలేదు. "అన్నా, గది నేను కల్పించింది! పత్రికోళ్లు అడిగితే రాసిన. మాఫ్ చేసినా సాక్ష్యం చెప్పొచ్చు. పెద్దమ్మా, చూసింది చూసినట్టు చెప్పు."

"నువ్వు రాయలే బిడ్డా, దేవుడే రాయించిండు" అంది ఎస్తేరమ్మ కళ్లు తుడుచుకుంటూ. అందరూ "ఆమెన్" అన్నారు. బిక్షమ్మ తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. అంతమంది చేతుల కింద ఆ ముసలి మెడ వంగిపోయింది. స్వర్ణ ఇంకా ఏదో అంటూనే ఉంది, ఎవరికీ వినపడలేదు.

ఆదివారం పళ్లెం వచ్చినప్పుడు బిక్షమ్మ రొట్టెముక్క తీసుకుంది. సోమవారం కోర్టులో కాలు జారిందని చెప్పింది. కొన్నాళ్లకు కేసు కొట్టేశారు. విజేందర్ వెనక వరుస విడిచి ముందుకొచ్చి కూర్చున్నాడు. ఎంతమంది మనసులు మార్చిందో ఈ నవల అని సంఘమంతా స్వర్ణను మెచ్చుకుంది. ఆ మెప్పుకు ఆమెకు అన్నం సహించలేదు.

ఒక సాయంత్రం బిక్షమ్మ వచ్చి స్వర్ణ ఇంటి గడప మీద కూలబడింది. నవల గురించి అప్పటిదాకా నోరు విప్పనిది ఆమె ఒక్కతే.

"బిడ్డా, మాఫ్ చేస్తే కడుపుల మంట సల్లారతదని రాసినవ్ గద."

స్వర్ణ వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

"బల్ల తీస్కున్న. కోర్టుల చెప్పమన్నది చెప్పిన. ఇంకా మండుతనే ఉంది." బిక్షమ్మ కొంగును కడుపుకు అదుముకుంది. "నేను సరిగ మాఫ్ చెయ్యలేదా బిడ్డా? గా తల్లి ఎట్ల చేసిందో జర మల్ల సదువు."