గోల్‌బజార్‌లో రివర్స్ హారన్

గణపతిరావు కారు వెనక్కి తీస్తున్నాడంటే ఆ సందులో మేకలు కూడా ముందుగానే తప్పుకునేవి. హైమవతి గొంతు అలాంటిది. కొంగు నడుముకి బిగించి, కారుకి పదడుగులు వెనకగా నిలబడి, "రా... రా... ఇంకా రా... కుడేపు... ఆగూ!" అని ఆవిడ పిలుస్తుంటే, ఆయన అద్దంలోకి చూస్తూ అంబాసిడర్‌ని అంగుళం అంగుళం నడిపేవాడు.

ఖర్గపూర్ రైల్వే వర్క్‌షాపులో, బాయిలర్ షాపులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాక కొన్న బండి అది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక డాక్టరు వదిలించుకున్న పాత కారు. క్వార్టర్ ఖాళీ చేసి న్యూ సెటిల్‌మెంట్ కాలనీ అవతల సొంతిల్లు కట్టుకున్నారు మొగుడూ పెళ్ళాలు. ఇల్లు బాగానే కుదిరింది గాని సందు మరీ ఇరుకు. ముందుకి దూరిన కారు వెనక్కే రావాలి. అందుకని రోజూ హైమవతి వెనక నిలబడాల్సిందే. ఇంకెవరైనా సాయానికి వస్తే గణపతిరావు ఒప్పుకునేవాడు కాదు. "హైమ ఉందిగా" అనేవాడు. ఆ మాట వింటే ఆవిడకి లోపల్లోపల గర్వంగా ఉండేది.

తొంభై ఆరు జనవరిలో ఒక పొద్దున్న గుడికి బయల్దేరారు. మంచు బాగా పట్టి ఉంది. హైమవతికి రెండు రోజులుగా దగ్గు. శాలువా తలచుట్టూ తిప్పి మూతి మీదుగా కట్టుకుని కారు వెనక నిలబడింది. "రా... రా..." అంటూ పిలిచింది. కారు ఎదురింటి ఆలిస్ టీచర్ గేటుకి దగ్గరవుతుంటే "ఆగు" అంది. కారు ఆగలేదు. "ఆగు బావా, ఆగూ!" అని అరిచింది. కారు వస్తూనే ఉంది. ఆవిడ పక్కకి దూకింది. బంపర్ చెక్క గేటుని విరిచేసి, దాని వెనక ఆనించి ఉన్న సైకిలుని గోడకేసి నొక్కేసింది. అప్పటిదాకా ఆ సైకిలు పక్కనే ఉన్న ఆలిస్ టీచర్, చేతిసంచీ మర్చిపోయి లోపలికి వెళ్ళింది కాబట్టి సరిపోయింది.

"మూడుసార్లు అరిసినాను! సెవుల్లో ఏటెట్టుకున్నావు?" హైమవతి విసురుగా కారు తలుపు తీసింది.

గణపతిరావు మొహం తెల్లబోయింది. "ఇంజన్ సప్పుడులో వినబడనేదే" అన్నాడు.

ఆలిస్ టీచర్ సంచీతో బయటికొచ్చింది. రైల్వే స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన ఆంగ్లో ఇండియన్ మనిషి. తెలుగువాళ్ళ మధ్య పుట్టి పెరిగింది కాబట్టి హైమవతి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. వంకర తిరిగిన సైకిలుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "నాను రిటైరైపోనా ఇది మాత్రం డ్యూటీ సేస్తూనే ఉండీది. ఈయాల దీనికీ రిటైర్‌మెంట్ ఇచ్చీసినావు గణపతీ" అంది. నవ్వుతూనే అంది గాని, గణపతిరావు తలెత్తలేకపోయాడు.

ఆ రోజు తాళం చెవి గోడ మేకుకి తగిలించాక వారం రోజులు తియ్యలేదు. పొద్దున్నే గుడ్డ తడిపి కారు శుభ్రంగా తుడిచేవాడు. తుడిచి, లోపలికొచ్చి, పేపరు ముందేసుకుని కూర్చునేవాడు. పేజీ తిరిగేది కాదు. వీధిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆస్పత్రికి దింపే మనిషి, ఇప్పుడు ఎవరైనా పిలవడానికొస్తే పెరట్లోకి పోతున్నాడు. హైమవతి చూడలేకపోయింది.

"బావా, ఎనక్కెళ్తే పాట పాడే హారన్ ఉంతాదంట కదా. అదెట్టిద్దాం మన కారుకి. ఎనకున్నోళ్ళు తప్పుకుంటారు."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. చివరికి మేకు మీది తాళం తీశాడు. కారు బయటికి తీసే ముందు మాత్రం, "శాలువా తీసీసి నించో" అన్నాడు. దగ్గు తగ్గింది కదాని ఆవిడ తీసేసింది. ఎందుకన్నాడో అడగలేదు.

గోల్‌బజార్‌లో కారు సామాన్ల కొట్టు మండల్ దాదాది. తెలుగు, హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడి ఎవరికైనా ఏదైనా అమ్మగలడు. గోడకి ఒక చెక్క పలక, దాని మీద వరసగా ఆరు చిన్న నల్ల డబ్బాలు బిగించి ఉన్నాయి. ఒక్కోదాని కింద ఒక్కో మీట. తీగెలన్నీ కింద బ్యాటరీకి పోతాయి.

"ఏది కావాలో వినండి దీదీ. సబ్ అలగ్ అలగ్, దేనికదే వేరు." మొదటి మీట నొక్కాడు. పిట్ట కిచకిచలాడింది.

"బాగుంది" అన్నాడు గణపతిరావు.

రెండోది నొక్కాడు. పసిపిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. పక్క కొట్లో కూర్చున్న ముసలావిడ ఉలిక్కిపడి లేచి చూసింది. హైమవతికి నవ్వొచ్చింది. "అమ్మో, ఒద్దు. వీధిలో తల్లులందరూ పరిగెత్తుకొస్తారు."

"ఇదీ బాగానే ఉంది" అన్నాడు గణపతిరావు.

మూడోది పిల్లనగ్రోవి. ఆయన తలూపాడు. మండల్ దాదా నాలుగో మీట నొక్కాడు. ఏ చప్పుడూ రాలేదు. కింద తీగె ఊడిపోయి ఉంది. దాదా ఇంకా అది గమనించనే లేదు, గణపతిరావు గంభీరంగా తలూపి, "ఇది అన్నిటికంటే బాగుంది. గట్టిగా ఉంది. ఇదిచ్చీ" అన్నాడు.

మండల్ దాదా వేలు మీట మీదే ఉండిపోయింది. ఆయన్ని చూశాడు. తర్వాత హైమవతిని చూశాడు.

 ఆవిడ నోరు వెంటనే లేచింది. "ఈయన ఎగతాళి మీకు తెలీదు దాదా. అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉన్నది కావాలంట!" అని నవ్వేసింది. దాదా కూడా నవ్వి, వంగి తీగె సరిచెయ్యడంలో పడ్డాడు. ఆ లోపు హైమవతి మొగుడి వెనక్కి వెళ్ళి, మామూలు గొంతుతో, "బావా, నీ సొక్కా ఎనకాల సిరిగిపోనాది" అంది. గణపతిరావు కదల్లేదు. ఇంకొంచెం పెద్దగా అంది. అప్పుడూ కదల్లేదు. పలక మీది డబ్బాలకేసి, దాదా వేళ్ళకేసి శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు. వేలు కిందికి దిగితే హారన్ మోగిందని ఆయన లెక్క.

ఎన్నో సంగతులు ఒకేసారి వచ్చి మీద పడ్డాయి ఆవిడకి. అన్నానికి కూర్చుంటే ఎప్పుడూ ఎదురుగానే కూర్చుంటాడు. దీపం తీసేశాక ఒక్క మాట మాట్లాడడు. వంటచేస్తూ ఏదైనా చెబితే వచ్చి, గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "నన్ను సూసి సెప్పు" అంటాడు. ఎన్నేళ్ళుగానో అంటున్నాడు. ఈ వయసులో కూడా ఇంత ప్రేమ ఎవరికుందిలే అని ఆవిడ మురిసిపోయేది. కారు అద్దం కూడా అంతే. తన మొహం సరిగ్గా కనపడేదాకా సర్దుకుని గాని గేరు వేసేవాడు కాదు.

మూతికి శాలువా కట్టుకున్న రోజు తను "ఆగు" అన్నది ఆయనకి ఎక్కడ కనపడుతుంది?

"దాదా," అంది, "హారన్ ఎనకున్నోళ్ళకి. మరి తోలీవోళ్ళకి ఏటీ నేదా?"

మండల్ దాదా ముఖం వెలిగింది. లోపల్నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. కలకత్తా నుంచి కొత్తగా వచ్చిందట. బంపర్ మీద రెండు గుండ్రటి కళ్ళు బిగిస్తారు. వెనక గోడో మనిషో దగ్గరైతే, ముందు డ్రైవరు దగ్గర చిన్న పెట్టె చెబుతుంది. అందులో రెండు రకాలు. ఒకటి కూత పెడుతుంది. ఇంకోటి దీపాలు వెలిగిస్తుంది. పచ్చ, పసుపు, ఎరుపు. "కూతదే తీసుకోండి దీదీ. అందరూ అదే తీసుకుంటారు. దీపాలది తెప్పించాలి, నాలుగు రోజులు పడుతుంది."

"కూతది సాలు. దీపాలెందుకు?" అన్నాడు గణపతిరావు దాదా మూతిమీంచి చూపు తీయకుండా.

హైమవతి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "నాకు దీపాలు బాగున్నాయి. నా కోసం" అంది.

ఆవిడ ఎప్పుడూ నాకోసం అని ఏదీ అడిగింది లేదు. ఆయన సరేనన్నాడు. వెనకున్నవాళ్ళ కోసం బాతు అరుపులాంటి మోటు హారన్ ఒకటి, డ్రైవరు కోసం దీపాల పెట్టె ఒకటి చెప్పి బయటికొచ్చారు.

రైల్వే మైదానం పక్కన కారు ఆపమంది హైమవతి. ఎండ నులివెచ్చగా ఉంది. వర్క్‌షాపు పనివాళ్ళు సైకిళ్ళ మీద బారులుగా ఇళ్ళకి భోజనాలకి పోతున్నారు. ఆవిడ సీటులో పక్కకి తిరిగి ఆయన మొహంలోకి చూసింది. గొంతు బయటికి రానివ్వకుండా, ఉత్త పెదాలతో, "ఎన్నాళ్ళైంది?" అంది.

"పన్నెండేళ్ళు దాటినాది" అన్నాడు గణపతిరావు.

 ఆవిడ మళ్ళీ పెదాలు కదిపింది. "ఇప్పుడు నాను గొంతు ఎత్తనేదు బావా."

ఆయన చేతులు స్టీరింగ్ మీంచి ఒళ్ళోకి జారిపోయాయి. మెల్లిగా చెప్పడం మొదలెట్టాడు. బాయిలర్లో దూరి రివెట్లు కొట్టే పని. ఇనప డొల్లలో సుత్తి చప్పుడు. ఆ షాపులో ఎవడూ ఎవడి మాటా వినడు, అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. అలవాటైపోయింది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత సైకిలు గంటలు. తర్వాత ఆడవాళ్ళ గొంతులు. రైలు, ఢంకా, ఉరుము వినపడతాయి. డాక్టరు పరీక్షలో తేలితే తేలిక పనిలోకి తోసేస్తారని భయపడి దాచాడు. పక్కనోళ్ళు సాయం పట్టారు.

"ఆళ్ళకి దాసినావు సరే. నాకెందుకు దాసినావు?" ఈసారి గొంతుతోనే అడిగింది. కళ్ళు నిండిపోయాయి.

"నీకు సెబితే అరిసి మాటాడతావు. సెవిటోడితో అందరూ అలగే మాటాడతారు. నీ గొంతు ఎలగుండీదో నా మనసులో ఉందే. నువ్వు నెమ్మదిగా పెదాలు కదుపుతుంటే ఆ గొంతుతోటే వినబడతాది నాకు. అరిస్తే మొహం మారిపోద్ది. అప్పుడు అది పోద్దని..." 

హైమవతి కొంగుతో ముందు తన మొహం తుడుచుకుని, అదే కొంగుతో ఆయన మొహం తుడిచింది. "సరే. అరవను. గాని ఆలిస్ టీచర్ ఆ గేటు కాడే ఉండుంటే ఏటైపోను బావా?"

ఆయన కారు ఇంటివైపు తిప్పాడు.

ఇంటికి రాగానే, గణపతిరావు లోపలికి వెళ్ళకుండా ఎదురింటికి నడిచాడు. హైమవతి గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది. ఆలిస్ టీచర్ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. "టీచర్, నాకు సెవులు వినబడవు. ఆ రోజు ఇంజన్ సప్పుడు కాదు. అబద్ధం సెప్పినాను" అన్నాడు. పన్నెండేళ్ళలో షాపులో పక్కనోళ్ళూ ఇంటావిడా కాక ఇంకో మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆలిస్ టీచర్ నీళ్ళ డబ్బా కింద పెట్టి ఎదురుగా వచ్చింది.

"ముప్ఫై ఏళ్ళు క్లాసులో నించున్నాను గణపతీ. సెవులున్నోళ్ళు కూడా సగంమంది విన్నట్టు నటించీవోళ్ళే. నువ్వు నయం, నిజం సెప్పినావు. రేపు నాతోటి ఆస్పత్రికి రా."

మర్నాడు ముగ్గురూ రిక్షాల్లో వెళ్ళారు. చెవుల డాక్టరు పరీక్ష చేసి, మిషను పెట్టుకుంటే చాలావరకు వినపడుతుందనీ, అది కుదురుకునేదాకా కారు ముట్టొద్దనీ గట్టిగా చెప్పాడు. గణపతిరావు బుద్ధిగా తలూపాడు. ఆ నెలంతా ఆయన కారుని తుడవడమే గాని తోలలేదు. తీరిక దొరికింది కదాని ఆలిస్ టీచర్‌కి టేకు చెక్కతో కొత్త గేటు చేశాడు. సైకిలు చక్రాలు విప్పి, ఊచలు మార్చి నిలబెట్టాడు. మండల్ దాదా మనిషొచ్చి హారనూ, దీపాల పెట్టే బిగించి వెళ్ళాడు. డాక్టరు సరే అన్నాక ఒక ఆదివారం గణపతిరావు కారు తీశాడు. పచ్చ దీపం పసుపైంది. పసుపు ఎరుపైంది. కొత్త గేటుకి మూడడుగుల ముందు కారు ఆగింది. హైమవతి ఆయన పక్క సీట్లో కూర్చుని ఆ దీపాలే చూసింది.

మిషనుతో మొదట్లో ఆయనకి పెద్ద అవస్థే. పళ్ళెం చప్పుడుకి ఉలిక్కిపడేవాడు. కాకి అరిస్తే కిటికీ మూసేవాడు. హైమవతి గొంతు విని మొహం చిట్లించి, "రేకు డబ్బాలోంచి వస్తన్నట్టుంది. ఇది నీ గొంతు కాదే" అని తీసి జేబులో పడేసేవాడు. తర్వాత తర్వాత కాస్త అలవాటు పడ్డాడు.

ఒక మధ్యాహ్నం హైమవతి వంటింట్లో చేపలు కడుగుతోంది. మొగుడు సావిట్లో పేపరు చదువుతున్నాడు. "ఇంత పెద్ద సేప తెస్తే ఎవుడు తోముతాడని. ముసిలోడికి నాలిక పెరిగినంత బుర్ర పెరగనేదు" అని గొణుక్కుంది.

"ఏటన్నావు?" అని సావిట్లోంచి వినపడింది.

హైమవతి చేతిలో చేప జారిపోయింది. పన్నెండేళ్ళుగా ఆవిడ ఇలాగే వెనక నుంచి సణుగుతూ వచ్చింది, ఆయన ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. ఎంత ఓర్పు మా బావకి అని వీధంతా చెప్పుకుంది కూడా.

"ఏటీ అననేదు" అంది.

"అన్నావు. ముసిలోడన్నావు. బుర్ర నేదన్నావు." గణపతిరావు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నడుం మీద చేతులు. మొహం నిండా నవ్వు. "ఇలగ ఎన్నాళ్ళనుంచి అంతన్నావే?"

ఆవిడకి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఆ మిషను తీసీ ముందు" అంది.

"తియ్యను. ఇంకా ఏటేటి అన్నావో అన్నీ సెప్పు. మొదట్నుంచీ సెప్పు" అంటూ ఆయన పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.