వీపు మీద పదిహేడు

గాస్టన్ పేరు రాసి ఉన్న తెల్ల టేపు ముక్కని ఎవరో పీకేశారు. చెక్క మీద జిగురు మరక అలాగే ఉంది. దాని మీదే కొత్త టేపు అంటించి, నల్ల సిరాతో ‘స్ట్రాకన్’ అని రాశారు.

ఎర్నీ లాహ్తీ డ్రెస్సింగ్ రూమ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. విరిగిన దవడ కదలకుండా పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగతో కట్టేశారు డాక్టర్లు. ఆస్పత్రి నుంచి నిన్ననే వచ్చాడు, తల ఇంకా దిమ్ముగా ఉంది. తప్పు చదివానేమో అనుకుని మళ్ళీ చదివాడు. తప్పేం లేదు. శుక్రవారం ఆటలో తన దవడ విరగ్గొట్టినవాడి పేరే అది. తన టీము గదిలో, తన పక్క సీటు మీద!

“వచ్చావా అబ్బాయ్! నీ కోసమే చూస్తున్నా. రా, లోపలికి రా” అంటూ బడ్ హాలొరన్ భుజం మీద చెయ్యేశాడు. కార్విన్ ఫాల్స్ ఐస్ హాకీ టీముకి కోచ్ ఆయనే, మేనేజరూ ఆయనే, సగం యజమానీ ఆయనే.

ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందంటే, ఎర్నీకి అప్పుడే అనుమానం వచ్చింది.

“గాస్టన్ ఏడండీ?” పళ్ళ సందుల్లోంచి అడిగాడు.

“కూర్చో, చెప్తాను. గాస్టన్ని వదిలేసుకోవాల్సొచ్చింది. సీజన్ అయిపోయేదాకా ఆడకూడదని లీగు నిషేధం పెట్టింది కదా. ఆడనివాడికి సీటెందుకు చెప్పు? ఆటగాళ్ళని మార్చుకోవడానికి మొన్న ఆదివారమే ఆఖరి గడువు. వచ్చేవారం నుంచి ప్లేఆఫ్‌లు. వెనక కాపు కాయడానికి నాకొక మొరటువాడు కావాలి. పోర్ట్ డెన్‌బీ వాళ్ళు స్ట్రాకన్ని చవగ్గా ఇస్తామన్నారు.”

ఎందుకు చవగ్గా ఇచ్చారో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. వీపు తిప్పి ఉన్నవాణ్ణి వెనకనించి గుద్దాడా అని స్ట్రాకన్ మీద విచారణ ఉంది, ఆటలో అది పెద్ద తప్పు. దెబ్బ తగిలినప్పుడు పక్, అంటే ఆడే నల్లబిళ్ళ, ఎప్పుడో అవతలి మూలకి వెళ్ళిపోయింది. రిఫరీ చూపూ, జనం చూపూ దాని వెంటే పోయాయి. ఎర్నీ రింక్ చుట్టూ ఉండే చెక్క గోడకి కొట్టుకుని మంచు మీద పడ్డాకే అందరూ ఇటు తిరిగారు. కొట్టడం సరిగ్గా చూసినవాడు లేడు. అందుకని ఈ సాయంత్రం లీగు కమిషనర్ ఫోన్ చేసి ఇద్దర్నీ అడుగుతాడట. ఎర్నీ నోటిని నమ్ముకునే హాలొరన్ ఆదివారం బేరం కుదుర్చుకున్నాడన్నమాట.

“పెద్దగా ఏం చెప్పక్కర్లేదయ్యా. ‘ఆఖరి క్షణంలో నేనే గోడవైపు తిరిగి వీపు పెట్టాను, అతనికి ఆగే వీల్లేకపోయింది’ అను. అంతే. వచ్చే ఏడాది కాంట్రాక్టు టైపు చేయించాను. వారానికి ఇప్పుడిచ్చే రెండొందల డాలర్లకి ఇంకో పాతిక కలిపాను. దవడ విరిగినవాడికి ఇంకెవరిస్తారు చెప్పు?”

“గాస్టన్ నా కోసమే కదండీ...”

“గాస్టన్ తొందరపడ్డాడు. వెళ్ళి స్ట్రాకన్ని కొట్టమని నేను చెప్పానా?”

ఆయన చెప్పాడో లేదో ఎర్నీకెలా తెలుస్తుంది? అప్పటికి మంచు మీద తెలివితప్పి పడి ఉన్నాడు.

*

గాస్టన్ ప్రూ అద్దెగది ముందు పాత కారు డిక్కీలో సామాను సర్దుకుంటున్నాడు. ఎర్నీని చూడగానే నడుం మీద చేతులేసుకుని నవ్వాడు.

“ఏరా, మూతికి తాళం వేశారా? మీ ఆవిడ పంట పండింది పో!”

“నిన్ను తీసేశారటగా.”

“తియ్యడమేంట్రా! సగౌరవంగా సాగనంపారు. శుక్రవారం ఆటయ్యాక నా నెత్తి మీద ముద్దుపెట్టి ‘నువ్వు నా పెద్దకొడుకువిరా’ అన్నాడు ముసలాడు. చేతిలో బీరు కూడా పెట్టాడు. సోమవారం పొద్దున్నే పెద్దకొడుకుని బయటికి గెంటాడు.” గాస్టన్ నవ్వు ఆపి డిక్కీ మూత దభీమని వేశాడు. అది పడలేదు. మళ్ళీ వేశాడు. “వాడి సంచీ నా సీటు కింద పెట్టారట్రా ఎర్నీ. నేను కొట్టినవాడి సంచీ! నా కడుపు మండిపోతోంది.”

“కొట్టమని ఆయన చెప్పాడా?”

“ఎవరైనా చెప్తార్రా అలా? నువ్వు పడిపోయావు. ఫౌలని రిఫరీ చెయ్యెత్తలేదు. ముసలాడు వెనకనించి వచ్చి నా చెవి దగ్గర ‘ఇంకా కూర్చున్నావేంటి?’ అన్నాడు. పదేళ్ళుగా ఆ మాటకి అర్థం ఒకటే. లేచాను. వాడు కింద పడ్డాక కూడా కొట్టాను, అది తప్పే. ఒప్పుకుంటాను. కానీ ఆ మాట ఆయన అనలేదట! లీగువాళ్ళు అడిగితే, నాకు కోపం జాస్తి అనీ, తనే ఎన్నిసార్లో మందలించాననీ చెప్పాడట.”

ఎర్నీ తనని ఏం చెప్పమన్నారో చెప్పాడు. గాస్టన్ బూటుతో కారు టైరుని ఒక తన్ను తన్నాడు.

“చెప్పెయ్. కనీసం నీకైనా ఉద్యోగం ఉంటుంది. అయినా మంచు మీద జరిగింది మనం బయట చెప్పుకోం. అది మన మర్యాద.”

“ఎవరు పెట్టారు ఆ మర్యాద?”

“ఏమోరా. నేనొచ్చేటప్పటికే ఉంది.”

*

ఇంట్లో ఎర్నీ భార్య ఐలా బఠాణీ సూపుని గుడ్డలో వడగట్టి, గ్లాసులో పోసి, గొట్టం వేసి ఇచ్చింది. ఆస్పత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఇంకా పడుకోలేదు. దుప్పట్లు ఉతికి ఉతికి వేళ్ళన్నీ నానిపోయి ఉన్నాయి. ఎర్నీ అంతా చెప్తుంటే నిలబడే వింది.

“చెప్పెయ్ ఎర్నీ. నువ్వు నిజం చెప్తే మాత్రం గాస్టన్ని వెనక్కి పిలుస్తారా? దవడ అతుక్కునేదాకా నిన్ను ఊళ్ళో మిల్లులో పనికి కూడా రానివ్వరు.” ఆమె గిన్నె కడగడానికి అటు తిరిగి, కాస్త తటపటాయించి అంది. “అయినా, నువ్వే తిరిగావటగా?”

“ఎవరన్నారు?”

“నిన్న రేడియోలో హాలొరన్ చెప్పాడట. లాండ్రీలో అందరూ అదే అంటున్నారు. పాపం ఎర్నీది తొందరపాటు అని.”

ఎర్నీ గ్లాసు పక్కన పెట్టేశాడు. విరిగిన దవడా తనదే, తొందరపాటూ తనదే! ఊరు ఊరంతా ఒప్పేసుకుంది. కట్టుకున్నది కూడా సగం ఒప్పేసుకుంది. అన్నిటికంటే బాధ ఏమిటంటే, ఆ క్షణం ఎర్నీకే సరిగ్గా గుర్తులేదు. గోడ గుర్తుంది, గోడ మీద పసుపురంగు గీత గుర్తుంది. తరవాత ఆస్పత్రి దీపం. మధ్యలో తిరిగాడా? తిరిగే ఉంటాడా? ఇంతమంది అంటుంటే కాదనడానికి తనెవరు? తిరిగాననే చెప్పేద్దాం అనుకుంటూ కోటు తొడుక్కున్నాడు. చెప్పేది నిజమే కావచ్చుననుకుంటే కాస్త తేలిగ్గా కూడా అనిపించింది.

*

హాలొరన్ గదిలో స్ట్రాకన్ ముందే వచ్చి కూర్చున్నాడు. గాస్టన్ గుద్దులకి ఒక కన్ను నల్లగా వాచిపోయి ఉంది. ఎర్నీని చూసి లేచి కుర్చీ జరిపాడు. మనిషి చెడ్డవాడిలా లేడు. పాతికేళ్ళుంటాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతున్నాడు.

“ఫోన్ వచ్చేలోగా మీరిద్దరూ మాట్లాడుకోండి. ఇకనించి ఒక్క ఇంటివాళ్ళు” అని హాలొరన్ కాఫీ తెచ్చుకోవడానికి బయటికి వెళ్ళాడు.

“నొప్పిగా ఉందా?” అన్నాడు స్ట్రాకన్.

“ఊఁ.”

“నీ మీద నాకేం కోపం లేదన్నా. మా పాత కోచ్ ఒకటే పోరు, ముందు మీవాళ్ళలో ఒకణ్ణి పడగొట్టు అని. ఎవడు దొరికితే వాడు. నువ్వు దొరికావు.” ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు చనువుగా నవ్వాడు. “నీ నంబరు పదిహేడు కదా! మా అన్నది కూడా పదిహేడే తెలుసా? నీ వైపు వస్తున్నంతసేపూ నీ వీపు మీద పదిహేడే కనబడుతోంది. అరే, మా అన్న నంబరు అనుకున్నా కూడా.”

ఎర్నీ తలెత్తాడు.

“వస్తున్నంతసేపూనా?”

“ఆఁ, నువ్వు గోడకేసి చూస్తున్నావుగా” అన్నాడు స్ట్రాకన్. అన్నాక ఏమన్నాడో అర్థమైనట్టుంది, నోరు మూసుకున్నాడు.

అప్పుడే హాలొరన్ వచ్చాడు, ఫోనూ మోగింది. ఆయన మీట నొక్కి గొంతు అందరికీ వినబడేలా పెట్టాడు. కమిషనర్ గొంతు అలిసిపోయినట్టుంది. స్ట్రాకన్ని ముందు అడిగాడు. స్ట్రాకన్ చెప్పమన్నదే చెప్పాడు, కానీ గొణుగుతూ చెప్పాడు. కమిషనర్ రెండుసార్లు గట్టిగా మాట్లాడమన్నాడు.

“లాహ్తీ, నీ ఆరోగ్యం ఎలా ఉంది? ఒక్కటే అడుగుతాను. ఆఖరి క్షణంలో నువ్వు గోడవైపు తిరిగావా?”

హాలొరన్ కాంట్రాక్టు కాగితం మీద కలం పెట్టి, ఎర్నీ వైపు మెల్లగా జరిపాడు.

“లేదండీ” అన్నాడు ఎర్నీ.

“ఏంటీ? సరిగ్గా వినబడలేదు.”

“తిరగలేదు. మొదట్నించీ నా మొహం గోడకే ఉంది. అతనికి నా వీపు మీద నంబరు కనబడింది. ఆగడానికి కావలసినంత టైముంది.” తీగ లాగి దవడంతా సలుపుతోంది. అయినా ఆపలేదు. “ఇంకో మాట కూడా రాసుకోండి సార్. గాస్టన్ తనంతట తను లేవలేదు. బెంచీ మీంచి లేపింది—”

హాలొరన్ అరచెయ్యి ఫోన్ మీట మీద పడింది. లైను తెగిపోయింది.

“మతిపోయిందా నీకు! అన్నం పెట్టిన చెయ్యి నరుకుతావా?” ఆయన మొహం జేవురించింది. “లైను సరిగ్గా వినబడ్డం లేదని చెప్తాను. నీకు తల దెబ్బతిందని చెప్తాను. మనిషివి ఏం వాగుతున్నావో నీకే తెలీదని చెప్తాను.”

“చెప్పండి. గాస్టన్ గురించి కూడా అలాగే చెప్పారుగా.”

స్ట్రాకన్ కిటికీకేసి చూస్తున్నాడు. అవతల రింక్‌లో మంచు చదును చేసే యంత్రం రొద.

ఫోన్ మళ్ళీ మోగింది.

“ముట్టుకున్నావంటే ఈ లీగులో స్కేటు కట్టలేవు. ఇక్కడే కాదు, ఎక్కడా” అన్నాడు హాలొరన్. అరచెయ్యి ఇంకా ఫోన్ మీదే ఉంది.

ఎర్నీ ఆయన మణికట్టు పట్టుకుని, కొట్టకుండా, విరవకుండా, పక్కకి తీసి బల్ల మీద పెట్టాడు. రిసీవర్ ఎత్తి, తీగ కట్టిన పళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

“లాహ్తీని సార్. లైను తెగలేదు, తెంచారు. మీరు రాసుకోండి, నేను నెమ్మదిగా చెప్తాను.”