తప్పు లైన్లో రెండు రోజులు

పోర్ట్ బ్లెయిర్‌కు ఎగువన, దీవుల్లో ఉండే మాయాబందర్ జెట్టీ మీద ఎవర్నడిగినా చెబుతారు, ఆ చుట్టుపక్కల మొండివి రెండే రెండని. ఒకటి పోలిరాజు బోటు ఇంజను, రెండోది పోలిరాజు పెళ్ళాం సీతాలు. ఇంజను మొరాయిస్తే పోలిరాజు దాని పక్కన గొంతుక్కూచుని, నాలుగు తిట్లు తిట్టి, రెండు నట్లు బిగించి దారికి తెచ్చేవాడు. సీతాలును దారికి తెచ్చే పని మాత్రం పెళ్ళయిన మొదటి ఏడాదే మానుకున్నాడు.

అలాంటి ఇంజను దీపావళి వెళ్ళిన వారానికి నడిసముద్రంలో ఆగిపోయింది. ఈసారి తిట్లకూ లొంగలేదు, నట్లకూ లొంగలేదు. పక్క బోటువాళ్ళు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. విప్పి చూస్తే డీజిలు పంపులో చిటికెన వేలంత వాల్వు ఒకటి అరిగిపోయింది. అది పాతకాలపు జపాను ఇంజను, కంపెనీవాళ్ళే దాన్ని మరిచిపోయి చాలా ఏళ్ళయింది. కొడుకు నాగబాబు పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే రేవు నుంచి తిరిగే లాంచీలో ఇంజను రూములో పనిచేస్తాడు. వాడు అక్కడి గోల్ ఘర్ బజారులో కొట్టు కొట్టూ తిరిగాడు. చెన్నైకి, విశాఖపట్నానికి ఫోన్లు చేశాడు. పేరు చెప్పగానే అందరూ నవ్వారు.

దాంతో పోలిరాజు గుండె జారిపోయింది. పాత ఇనుము కొనే ధనరాజుకు కబురు పెట్టి, ఇరవై ఒకటో తారీకున లారీ తెచ్చి ఇంజను పట్టుకుపొమ్మన్నాడు. ఇంజను పోతే బోటు ఉత్త చెక్క. బోటు లేకపోతే యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఇంకొకడి బోటులో కూలికెక్కాలి. ముప్ఫై ఏళ్ళుగా బజార్లో "మా బోటు చేప" అని అరిచి అమ్మిన సీతాలుకు ఆ మాట మింగుడుపడలేదు. మొగుడు ముసుగు తన్ని పడుకున్నాడు గానీ ఆవిడ పడుకోలేదు.

అయిదో తారీకున నాగబాబు ఫోన్ చేశాడు. వాడి వెనక లాంచీ ఇంజను దడదడమంటోంది.

"అమా! దొరికింది! సింగపూర్‌లో ఒక కొట్టులో ఒకటే ఉందంట. ఇరవయ్యో తారీకు దాకా అట్టిపెడతానన్నాడు. ఆ రోజు మన టైము అయిదున్నరకి ఆడి కొట్టు మూసేత్తాడు, ఈలోగా డబ్బు కట్టాల. ఫోన్లో స్కాన్ చేస్తే ఆడు తీసుకోడు. కార్డే కావాలంట. నా కార్డు పనికిరాదు, ఇంటర్..."

తర్వాత మాట దడదడలో కొట్టుకుపోయింది. "ఇంటర్ ఏటిరా?" అని సీతాలు అరిచింది. "ఇంటర్... కార్డమా!" అన్నాడు వాడు, లైను తెగింది.

ఇంటర్ అంటే ఆ దీవుల్లో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు. ఇంటర్ ఐలాండ్! దీవి నుంచి దీవికి పోయే లాంచీల టికెట్ కౌంటరు మీద అంత పొడుగు బోర్డు లేదూ? సింగపూర్ కూడా దీవేనని నాగబాబు చిన్నప్పుడు పాఠం వల్లిస్తుంటే విన్నది కూడానూ. ఇంకేం కావాలి? సీతాలు మర్నాడు తెల్లారకుండానే జెట్టీకి పోయి లైన్లో నిలబడింది.

మొదటి రోజు ఆవిడ వంతు వచ్చేసరికి కౌంటరు మూసేశారు. రెండో రోజు ఇంకా ముందు పోయింది. రెండు రోజులూ ఎండలో చేసేదేముంది, తల పైకెత్తి ఆ బోర్డునే చూస్తూ నిలబడింది. చివరికి కౌంటరు వెనక టికెట్లిచ్చే గణేశ్వరరావు కనిపించాడు.

"ఇంటర్ ఐలాండ్ కార్డు కావాల భయ్యా."

"దీవులవాళ్ళకిచ్చే ఐలాండర్ కార్డు మీకుంది కదా దీదీ. చేతిలో ఉన్నది అదే."

"ఇది కాదు. సింగపూర్‌కి పనికొచ్చేది."

లైనంతా ఘొల్లుమంది. గణేశ్వరరావు మంచివాడు గనక నవ్వు ఆపుకోవడానికి కాస్త ప్రయత్నించాడు. అప్పుడే నాగబాబు లాంచీ ఏదో రేవులో ఆగినట్టుంది, ఫోన్ మోగింది. "ఇంటర్నేషనల్ అమా! ఇంటర్నేషనల్ డెబిట్ కార్డు! జెట్టీలో కాదు, బ్యాంకులో!"

సాయంత్రానికి ఆ కథ జెట్టీ దాటి బజారెక్కింది. ఇంటికి రాగానే పోలిరాజు ముసుగులోంచే పలకరించాడు. "ఏటే, సింగపూరుకి లాంచీ టికెట్టు దొరికిందేటి?" పుండు మీద కారం చల్లినట్టయింది. సీతాలు కంచం ఠంగుమని పెట్టింది.

బ్యాంకులో శ్రావణి అని కొత్తగా వచ్చిన అమ్మాయి ఉంది. తాత నాటి నుంచి దీవుల్లోనే ఉన్న తెలుగువాళ్ళ పిల్ల. ఆ పిల్ల సీతాలు దగ్గరున్న పాత బ్యాంకు కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఇది దేశం లోపలే చెల్లుతుందనీ, వేరే రకం కార్డుకు అర్జీ పెట్టాలనీ చెప్పి, కాగితం తనే నింపింది. సీతాలు సంతకం చేసింది.

"ఇదేం రాశారు ఆంటీ?"

"నా పేరే. తెలుగు పిల్లవి కాదేటి నువ్వు?"

"మాట్లాడ్డం వచ్చు ఆంటీ. చదవడమే సరిగ్గా రాదు."

"నాకు తెలుగు సదవడం వచ్చు, ఇంగ్లీసు ముక్క రాదు. మనిద్దర్నీ కలిపితే బరాబర్ ఒక మనిషి" అంది సీతాలు. శ్రావణి పడీపడీ నవ్వింది. ఆ క్షణం నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

కార్డు మెయిన్‌లాండ్ నుంచి రావాలి, పది రోజులు పడుతుందన్నారు. పది కాస్తా పన్నెండయ్యాయి. సముద్రం మీద వాయుగుండం పట్టి షిప్పులు ఆగిపోయాయి. సీతాలు రోజూ బ్యాంకుకు పోయి తలుపు దగ్గర్నుంచే శ్రావణి మొహం చూసేది. శ్రావణి తల అడ్డంగా ఊపేది. పద్దెనిమిది పోయింది, పంతొమ్మిది పోయింది. ధనరాజు లారీకి పోర్ట్ బ్లెయిర్‌లో డీజిలు కూడా పోయించాడని కబురొచ్చింది.

ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం మూడింటికి బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. సీతాలు చెప్పులేసుకున్నదో లేదో ఆవిడకే తెలియదు.

శ్రావణి కవరు చేతిలో పెట్టి, పక్కనున్న ఏటీఎంకు తీసుకుపోయి, వెనక్కి తిరిగి నిలబడి, రహస్య నంబరు ఆవిడ చేతే పెట్టించింది. తర్వాత వేలు చూపించి మరీ చెప్పింది. "ఈ నంబరు, కార్డు మీద నంబరు ఎవరికీ చెప్పొద్దు. నాకైనా, మీ అబ్బాయికైనా. ఇంకో మాట. కొత్త కార్డుకి ఫారిన్ తలుపు మూసే ఉంటుంది. ఈ మిషన్లోనే ఇంటర్నేషనల్ అని వస్తుంది, దాన్ని ఆన్ చేసుకోవాలి. పనయ్యాక మళ్ళీ మూసెయ్యండి."

మొదటి మాట సీతాలు కొంగున ముడేసుకుంది. రెండో మాట వినే ఓపిక ఎక్కడిది? కార్డు చేతికొచ్చాక ఇంకా తలుపులేమిటి? "సర్లేమ్మా" అని పరుగెత్తింది.

ఇంటి వెనక దిబ్బ మీద తప్ప ఫోనుకు నెట్ అందదు. అక్కడ కోడలు బేబీరాణి సింగపూర్ కొట్టు పేజీ తెరిచి సిద్ధంగా కూచుంది. "నంబరు చెప్పు అత్తా, నేను కొడతాను" అంది. "నీకూ సెప్పను, నీ మొగుడికీ సెప్పను. ఇలా తే" అని సీతాలు ఫోను లాక్కుని, వీపు తిప్పి కూచుని, ఒక్కో అంకే పైకి అనకుండా పెదాలు కదుపుతూ కొట్టింది. అంకెలు ఏ భాషలోనైనా అంకెలే, ముప్ఫై ఏళ్ళు చేపలు తూచిన చెయ్యి అది.

ఎర్ర అక్షరాలు వచ్చాయి. "ఒప్పుకోలేదు అత్తా" అంది బేబీరాణి.

చేతికందింది నోటికి అందలేదు. టైము చూస్తే నాలుగూ ముప్పావు. బ్యాంకు మూసేసి ఉంటారు. కింద గుమ్మంలో పోలిరాజు నిలబడి పైకి చూస్తున్నాడు. ఈసారి వెటకారం లేదు అతని మొహంలో, అదే ఇంకా భరించలేకపోయింది సీతాలు. నమ్మకం లేదని పదిహేను రోజులుగా నటిస్తున్న మనిషి లోపల్లోపల ఆశ పెట్టుకునే ఉన్నాడని ఆవిడకు అప్పుడే తెలిసింది.

తలుపు! ఆ పిల్ల తలుపన్నది కదూ!

"పేజీ పోనీకు!" అని కోడలికి చెప్పి మళ్ళీ పరుగు. బ్యాంకు షట్టరు దించేసి ఉంది. ఏటీఎం మాత్రం వెలుగుతోంది. సీతాలు కార్డు పెట్టింది, రహస్య నంబరు నొక్కింది. తెర నిండా ఇంగ్లీషు ముక్కలు. వెనక నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన "క్యా చాహియే దీదీ? నేను నొక్కిపెడతా" అన్నాడు.

"బయట నిలబడు భయ్యా. నా కార్డు, నేనే నొక్కుతాను."

అని తెర వంక తిరిగింది. ఆ ముక్కల్లో ఏది తలుపు? చూసింది. మళ్ళీ చూసింది. కింద వరసలో ఒక ముక్క ఎక్కడో చూసినట్టుంది. మొదట నిలువు గుంజ. పక్కన రెండు గుంజలు, వాటి మధ్య వాలుగా కట్టిన తాడు. ఆ పక్కన గొడుగు. దాని పక్కన మూడు పళ్ళ దువ్వెన. చివర కాలు జాపుకున్న మనిషి.

ఎక్కడ చూడటమేమిటి! రెండు రోజులు ఎండలో తలెత్తి చూసింది దాన్నే కదా. జెట్టీ బోర్డు! ఇంటర్!

దాని వెనకాల ఐలాండ్ లేదు, ఏదో పొడుగాటి తోక ఉంది. ఆ తోకే నేషనల్ అయ్యుండాలి. సీతాలు అమ్మవారికి ఒక దండం పెట్టుకుని నొక్కింది. మిషను ఒక్క క్షణం ఆలోచించి పచ్చటి టిక్కు చూపించింది. ఏటీఎం గదిలోంచి వచ్చిన కేక విని బయట పెద్దమనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

దిబ్బ ఎక్కేసరికి అయిదుంపావు. మళ్ళీ వీపు తిప్పి, మళ్ళీ పెదాలు కదిపి, అంకెలన్నీ కొట్టింది. ఈసారి ఎరుపు రాలేదు. ఓటీపీ కూడా అడగలేదు, బయటి దేశపు కొట్లు కొన్ని అడగవని ఆవిడకు తెలియదు. "అడక్కుండానే తీసుకున్నాడు, దొంగోడేమో!" అని సీతాలు గుండె బాదుకోబోతుంటే బ్యాంకు మెసేజీ టింగుమంది, దాని వెనకే సింగపూర్ కొట్టు రసీదు వచ్చింది. బేబీరాణి అత్తను పట్టుకుని దిబ్బ మీదే గంతులేసింది. సీతాలు మాత్రం ఊపిరి తీసుకుని, మళ్ళీ ఏటీఎంకు పోయి, ఆ గొడుగూ దువ్వెనా వెతికి, తలుపు మూసేసి మరీ వచ్చింది.

మర్నాడు ధనరాజు లారీ వచ్చింది. వచ్చిన దారినే ఖాళీగా పోయింది.

మూడు వారాలకు అగ్గిపెట్టెంత పార్సిలు చేరింది. పోలిరాజు రోజంతా ఇంజను పక్కనే గడిపి వాల్వు బిగించాడు. జెట్టీ మీద జనం మూగారు. గణేశ్వరరావు కూడా కౌంటరు వదిలి వచ్చాడు. పోలిరాజు హ్యాండిలు పట్టుకున్నాడు, ఏమనుకున్నాడో వదిలేశాడు.

"ఒలే, నువ్వు రా. నువ్వే తిప్పు."

సీతాలు కొంగు బిగించి బోటులోకి దిగి తిప్పింది. రెండు దగ్గులు దగ్గి, నల్లటి పొగ ఒకటి ఊది, ఇంజను డుగుడుగుమని అందుకుంది. జెట్టీ అంతా ఈలలు. పోలిరాజు కళ్ళు తుడుచుకుని, పొగ పడిందని అబద్ధమాడాడు.

"ఇంగ్లీసు ఎప్పుడు నేర్సేవే నువ్వు?" అని అడిగాడు, ఇంజను చప్పుడు మీద నుంచి అరుస్తూ.

సీతాలు మొగుడి వంక చూసింది, ఒడ్డున నిలబడ్డ గణేశ్వరరావు వంక చూసింది. అందరికీ వినపడేలాగే చెప్పింది.

"తప్పు లైన్లో నిలబడ్డ రెండ్రోజుల్లో!"