బిస్కెట్ డబ్బాలో వాగ్దానాలు

నా రాతలో తప్పులుంటాయి, క్షమించండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇంకా తడబడతాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నెలన్నర పట్టింది. ఇది నా సంగతే. కానీ "నేను" అని రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. అందుకని నూకరత్నం అనే ఆవిడ కథలాగా రాస్తున్నాను.

నూకరత్నం తోముతున్న గిన్నె పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, చర్చిలో తీసుకున్న కార్డును మొగుడికి అందించేది. ఏటా జనవరి ఒకటిన ఇదే జరిగేది. దీవిలోని బాంబూఫ్లాట్ ఊరి తెలుగు చర్చిలో ఆ పొద్దున ఆరాధన ముగిశాక, పళ్లెంలో బోర్లించిన చిన్న కార్డుల్లోంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకోవాలి. దాని మీద ఆ సంవత్సరం, ఒక బైబిల్ వాక్యం అచ్చువేసి ఉంటాయి. ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన వాగ్దానం అది. చదువొచ్చినవాళ్లు అక్కడే చదువుకుని కళ్లు ఒత్తుకునేవాళ్లు. అక్షరం ముక్క రాని నూకరత్నం మాత్రం చర్చి విందుకు వండి, వడ్డించి, అంట్లు తోమి, ఇంటికొచ్చి ఇంటి అంట్లు తోముతూ దాలయ్య తీరిక కోసం ఎదురుచూసేది.

దాలయ్య ఫెర్రీ మీద ఖలాసీ, చర్చిలో పెద్ద. ఆయన గొంతెత్తి వాక్యం చదివితే గంట మోగినట్టుంటుందని అందరూ అనేవాళ్లు. "నీకేటొచ్చిందో చూద్దాం, ఇలా ఇయ్యి" అని కళ్లజోడు పెట్టుకునేవాడు.

పెళ్లైన ఏడాది, పెనిమిటి మాటకు ఎదురాడని స్త్రీ ధన్యురాలని వచ్చింది. నడుం పట్టేసి ఆమె రెండు రోజులు మంచం దిగలేకపోయిన ఏడాది, ఎండెక్కేదాకా పడుకున్నదాని పొయ్యిలో బూడిద కూడా మిగలదని వచ్చింది. అంగన్‌వాడీలో ఆయాగా రమ్మని కబురొచ్చిన ఏడాది, గడప దాటిన కాలు దారి తప్పుతుందని వచ్చింది. ఒకసారైతే, అంతకుముందు రోజు ఉప్పెక్కువైందని ఆయన కంచం తోసేశాక, రుచిగా వండే ఇల్లాలు ఇంటికి కిరీటమని వచ్చింది. దేవుడికి మా చేపల పులుసు సంగతి కూడా తెలిసిపోయిందే అని నూకరత్నం నిజంగానే వణికింది.

"నాకు కూడా రెండక్షరాలు నేర్పకూడదా?" అని ఒకసారి అడిగింది. అత్త పార్వతమ్మ నవ్వింది. "ఆడదానికి దేవుడి మాట మొగుడి నోటమ్మటే వస్తాది. నువ్వు వినుకో, చాల్లే."

వినుకుంది. విన్నదల్లా కంఠతా పట్టింది. కార్డులను మాత్రం పారేయలేదు. తిట్టినా దేవుడి మాట దేవుడి మాటే కదా అని బిస్కెట్ డబ్బాలో దాచింది.

రెండువేల ఆరులో వచ్చిన కార్డును దాలయ్య ఇలా చదివాడు: "మాట విననిదాని ఒడి ఖాళీ అవుతుంది." ఆ ఆగస్టులో పుట్టిల్లు చౌల్దారీలో తన తల్లి కాలు విరిగిందని కబురొచ్చింది. ఆయన వద్దన్నాడు. నూకరత్నం వినలేదు. తొమ్మిదేళ్ల కూతురు చిట్టితల్లిని వెంటబెట్టుకుని వెళ్లి వారం రోజులుంది. తిరిగొచ్చాక పిల్లకు జ్వరం తగిలింది. పదకొండో రోజున పోయింది. సమాధి మీద మట్టి ఆరకముందే దాలయ్య అన్నాడు, "దేవుడు ముందే సెప్పాడు గదే. విన్నావా?"

ఆ మాటతో ఆమెకు ఏడ్చే హక్కు కూడా పోయింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడవచ్చు, బిడ్డను పోగొట్టిన తల్లి ఏం ముఖం పెట్టుకుని ఏడుస్తుంది? చర్చిలో ఆడవాళ్లు భుజం మీద చెయ్యి వేసి, ప్రార్థన చెయ్యి వదినా, ఆయన ఆదరిస్తాడు అనేవాళ్లు. ఆదరించడానికి ఆయన తన పక్షాన లేడుగా. ఇంట్లో మొగుడు, పైన దేవుడు, ఇద్దరిదీ ఒకటే మాట, ఒకటే గొంతు. ఠాణాలో నేరస్థురాలు తల వంచుకున్నట్టు ప్రార్థనలో తల వంచుకునేది. మొగుడి యూనిఫారం మీద పడిన తుప్పు మరకలు రుద్దుతూ, ఉప్పుగాలికి ఆరని బట్టలను పొయ్యి సెగకు ఆరబెడుతూ, ఇదంతా శిక్షే, ఇంకా చాల్లేదు అనుకునేది. ఆ తర్వాతి ఏళ్లలో దాలయ్య కళ్లజోడు పెట్టుకోకుండానే కార్డు చదివేసేవాడు. అదీ ఆమెకు వింతగా తోచలేదు.

నాలుగేళ్ల కిందట దాలయ్య గుండె ఆగి పోయాడు. మరుసటేడు చర్చి హాల్లో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు తెలుగు తరగతి మొదలైంది. బడిలో టీచరైన పద్మిని చెప్పేది. రెండేళ్లకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక నూకరత్నానికి ఒక ఉపాయం తోచింది. కార్డులన్నీ కంఠతా వచ్చు గనక, వాటితోనే చదవడం సాధన చేయొచ్చు.

మొదటి కార్డు తీసింది. "పెనిమిటి" అని మొదలవ్వాలి. "భ" అని ఉంది. తన చదువే తప్పనుకుంది. రెండోది తీసింది, మూడోది తీసింది. ఒక్కటీ కుదరలేదు. ఈ వయసులో నాకు చదువేమిటని సిగ్గుపడి, డబ్బాతో సహా పద్మిని దగ్గరికి వెళ్లింది.

నూకరత్నం కూడబలుక్కుని చదువుతుంటే పద్మిని ఒక్కొక్కటే వింది. "ఆంటీ, సహీగానే చదివారు. అదే రాసుంది."

"కాదమ్మా. ఇక్కడ పొయ్యిలో బూడిదని ఉండాలి. ఇది పులుసు కార్డు."

పులుసు కార్డేమిటని పద్మిని పకపకా నవ్వింది. నూకరత్నం ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఆంటీ, ఇవి మీకు చదివి చెప్పిందెవరు?"

రెండువేల ఆరు కార్డును నూకరత్నం తానే చదివింది. అరగంట పట్టింది. కన్నతల్లయినా బిడ్డను మరిచిపోవచ్చేమో గానీ, తాను మాత్రం నిన్ను మరువనని ఉంది అందులో.

ఊరట కలగలేదు. ఆ మాట ఆ సమాధి దగ్గర చెవిన పడి ఉంటే కనీసం బిడ్డ కోసం ఏడ్చి ఉండేది. పంతొమ్మిదేళ్ల ఏడుపు ఎవరు తిరిగిస్తారు? దాలయ్య మీద కోపం తెచ్చుకుందామన్నా మనిషి లేడు. పోనీ, ఈ కార్డు నిజమైతే మాత్రం? మరువనన్నవాడు ఆ పదకొండు రోజులూ ఎక్కడున్నాడు? ఆ ప్రశ్న పైకే అనేసింది. అడిగాక తెలిసింది, తల వంచుకోకుండా దేవుడితో మాట్లాడటం అదే మొదటిసారని. ఆయన తనను శపించలేదు. అంతకు మించి ఆశేమీ దొరకలేదామెకు. దొరికిందాన్ని ఇక ఎవరి చేతికీ ఇవ్వకూడదనుకుంది.

మొన్న జనవరి ఒకటిన పళ్లెం వచ్చింది. మరిది తిరుమలేష్ ఇప్పుడు చర్చిలో పెద్ద. అలవాటుగా చెయ్యి చాచాడు. "ఇలా ఇయ్యి వదినా, సదివి సెప్తాను."

"నాకొచ్చు నాయనా."

ఓపికగా కనిపెట్టుకుని ఉండమని ఉంది. కొత్త పనేం కాదు.

బయట కుళాయి దగ్గర సీతాలు విందు ప్లేట్లు కడుగుతోంది. పాతికేళ్లు లేని పిల్ల, చదువు రాదు. ఆమె మొగుడు గోపినాథ్ ఆమె కార్డును తన జేబులో పెట్టుకుంటూ, "ఇంటికెళ్లాక సదువుతాలే, ముందు ప్లేట్లు కానీ, జల్దీ" అన్నాడు.

నూకరత్నం మోకాళ్లు పట్టుకుని లేచి అక్కడికి వెళ్లింది. "బాబూ, ఆ పిల్ల కార్డు ఇలా ఇయ్యి."

"మీకెందుకు ఆంటీ?"

సీతాలు కుళాయి కట్టేసింది.

"దాని ఎదురుగానే సదువుతాను. నువ్వూ పక్కనే ఉండు. నేను తప్పు సదివితే దిద్దు."

నూకరత్నం, యాభై ఎనిమిదేళ్లు, బాంబూఫ్లాట్.